హుగ్లీని మూడుసార్లు దాటిన రోజు

మా వారి జేబులో ఒక కాగితం, అందులో పదకొండు పేర్లు. విక్టోరియా మెమోరియల్, మ్యూజియం, హౌరా వంతెన, కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, జంతు ప్రదర్శనశాల, ఇంకా ఏవేవో. చివరిది న్యూ మార్కెట్, అదీ నా పోరు పడలేక చేర్చింది. చేతిలో ఉన్నది ఒక్క పగలు.

ఖరగ్‌పూర్‌లో మా ఆడపడుచు మనవడి అన్నప్రాశనకు వెళ్లాం. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందటే వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, ఆమె అత్తవారూ ఆ కోవలోని వాళ్లే. అక్కడే రాజమండ్రి బండి ఎక్కేయవచ్చు. కానీ "ఇంత దూరం వచ్చి కలకత్తా చూడకుండా వెళతావా వదినా" అని ఆమె పట్టుబట్టడంతో సోమవారం సాయంత్రం లోకల్ రైల్లో హౌరా చేరాం. సోమవారం మ్యూజియం మూసి ఉంటుంది, విక్టోరియా గ్యాలరీలకూ అదే సెలవు. మంగళవారం తిరగడానికి పెట్టుకోవడం మా వారి తెలివే, ఆ ఘనత ఆయనకు ఇవ్వాలి.

లాడ్జి సంగతి మాత్రం ఆయన ఖాతాలోనే వేయాలి. న్యూ మార్కెట్ దగ్గర గది, ఫోనులో ఫొటోలు చూసి రెండు వేల నాలుగు వందలు ముందే కట్టేశారు. ఫొటోలో కిటికీ ఉంది. గదిలోనూ ఉంది. తెరిస్తే జానెడు దూరంలో పక్క భవనం గోడ! గీజరు గోడకు అలంకారం, వేడినీళ్లు బకెట్టుతో ఒక కుర్రాడు తెచ్చాడు. మరకలున్న దుప్పటి మార్చమంటే మారు మాట్లాడకుండా మార్చాడు, అదొక్కటే చెప్పుకోదగిన మర్యాద. అయితే మ్యూజియానికీ మెట్రోకూ నడిచి వెళ్లగలిగేంత దగ్గర. మళ్లీ వెళితే ఆ పేటలోనే దిగుతాను కానీ గది కళ్లారా చూశాకే డబ్బు కడతాను. రాత్రి మేనేజరు కారు మాట్లాడుకోమన్నాడు, మూడున్నర వేలకు పది చోట్లు చూపిస్తారట. మా వారు కాగితం తడుముకున్నారు. నేను వద్దన్నాను. పది చోట్ల కారు ఎక్కి దిగడం తప్ప చూసేదేముంది?

తెల్లవారుజామున పసుపు అంబాసిడర్ టాక్సీ పట్టుకున్నాం. మీటరు పనిచేయదన్నాడు, రెండు వందలకు బేరం కుదిరింది. అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, ఉన్నవీ ఏటేటా తగ్గిపోతున్నాయి. వెనక సీటులో కూర్చోగానే స్ప్రింగులు లోపలికి లాక్కున్నాయి. మా పెళ్లి ఊరేగింపు కారు గుర్తుకొచ్చింది.

మల్లిక్ ఘాట్ పూల సంత హౌరా వంతెనకు కలకత్తా వైపు చివర, దాని కిందే ఉంటుంది. కడియం పూలు చూసిన కళ్లకు పూలు కొత్త కాదు, వాటిని మోసే తీరు కొత్త. బంతి దండలను పడవ తాళ్లలా చుట్టలు చుట్టి, ఆ చుట్టలను మెడ నిండా, నెత్తి నిండా వేసుకుని మనిషి కనిపించకుండా నడుస్తారు. ఒక పసుపు గుట్ట మన మీదికి నడిచి వస్తున్నట్టుంటుంది. కాళీమాత కోసం ఎర్ర మందార మొగ్గల దండలు. కింద మాత్రం చీలమండ దాకా బురద, కుళ్లిన ఆకులు. మంచి చెప్పులు వేసుకుని వెళ్లకండి. నేను వేసుకున్నాను.

అక్కడి నుంచి మెట్లెక్కి వంతెన మీద నడిచి హౌరా వైపు వెళ్లాం. 1943లో రాకపోకలు మొదలైన ఈ వంతెనలో నట్లు, బోల్టులు లేవు, 26,500 టన్నుల ఉక్కును రివెట్లతోనే బిగించారు. నదిలో ఒక్క స్తంభమూ లేదు. వరుస స్తంభాల గోదావరి వంతెనలు చూస్తూ పెరిగిన నాకు అది కాసేపు మింగుడు పడలేదు. ఇంత ఉక్కునూ పాన్ ఉమ్ములు తినేశాయట! తుప్పు పట్టకుండా కొన్నేళ్ల కిందట అడుగు భాగాలకు ఫైబర్‌గ్లాసు తొడుగులు వేయవలసి వచ్చింది. ఆ తొడుగుల మీదా ఎర్రటి మరకలు చూశాను.

ఇక తిరిగి రావడం పడవలో. టికెట్టు మనిషికి పది రూపాయలు కూడా కాలేదు. ఆఫీసులకు వెళ్లే జనం టిఫిను సంచులతో నిలబడ్డారు. మాకు రెయిలింగు పక్కన చోటు దొరికింది. నీళ్లలో గుర్రపుడెక్క దుబ్బులు వాటి దారిన అవి కొట్టుకుపోతున్నాయి. వంతెన మెల్లగా వెనక్కి జరిగి, అప్పుడు గానీ పూర్తిగా కనిపించలేదు. దాని మీద నడిచినంతసేపూ అది ఇంత ఉంటుందని తెలియలేదు. అక్కడి వాళ్లు ఈ హుగ్లీ నదిని గంగ అనే అంటారు. బాబూఘాట్‌లో దిగాక మా వారు మెట్ల దగ్గర వంగి నీళ్లు తల మీద చల్లుకుని, నా మీదా చల్లారు. "స్నానం చేసేటప్పుడు చదివే శ్లోకంలో గంగ, యమున తర్వాత మన గోదావరే కదా, చుట్టరికమే" అన్నారు. పక్కనే ఈడెన్ గార్డెన్స్. బయటి నుంచి చూసి కాగితం మీద టిక్కు పెట్టేశారు. చూసినట్టేనట!

ఇండియన్ మ్యూజియం 1814లో మొదలైంది. ఇక్కడివాళ్లు జాదూఘర్ అంటారు. జనమంతా ఈజిప్టు మమ్మీ గదికి ఎగబడుతున్నారు. మేమూ వెళ్లాం, చీకటిగదిలో గాజు పెట్టె, నెట్టుకుంటూ రెండు నిమిషాలు. దాని కన్నా భార్హుత్ స్తూపం నుంచి తెచ్చిన ఎర్ర ఇసుకరాతి స్తంభాల దగ్గర కూర్చోండి. జేతవనం కొనుగోలు చెక్కిన గుండ్రటి పలక ఒకటి ఉంది. అనాథపిండికుడు బుద్ధుడి కోసం తోట కొంటూ నేలంతా నాణేలు పరిపించిన కథ. చదరపు నాణేలను మన ఇళ్లలో పలకరాళ్లు పరిచినట్టు పరుస్తున్నారు. మూలన బండి విప్పి ఉంది, ఎద్దులు నింపాదిగా పడుకున్నాయి. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పికి ఆ ఎద్దుల అలుపు కూడా కనిపించింది. పక్షులు, శిలాజాలు ఉన్న గదులను మాత్రం మేము పరుగు మీద దాటేశాం.

మధ్యాహ్నం బిర్యానీ. లక్నో నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా చేరినప్పుడు ఆయన వంటవాళ్లతో వచ్చిన రుచి అంటారు. అందులో కోడిగుడ్డంత బంగాళాదుంప! మా వారు దాన్ని అవమానంగా భావించి పక్కన పెట్టారు. నేను తిన్నాను. మాంసం రసం పీల్చుకుని వెన్నలా ఉంది. కారం మాత్రం మన నాలుకకు ఆనదు.

విక్టోరియా మెమోరియల్ పాలరాయి తాజ్‌మహల్ రాయి వచ్చిన మక్రానాదే. 1921లో తెరిచారు. లోపల పెద్ద పెద్ద చిత్రాలు, అంతకన్నా పెద్ద గుంపు. నా లెక్కలో తోట ఎక్కువ, భవనం తక్కువ. చెట్ల కింద, చెరువు గట్టున, గొడుగుల చాటున కుర్ర జంటలు. ఎండ తగులుతోందని మా వారు మా నల్ల గొడుగు తెరిచారు. దారిన పోతున్న ఇద్దరు అమ్మాయిలు చూసి నవ్వుకున్నారు. "ఏమండీ, మూసేయండి" అన్నాను. ఆయన మూయలేదు.

ట్రాము ఎక్కాలన్నది నా కోరిక. 1873లో గుర్రాలతో మొదలైన ఆ బండ్లను మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ఒక్క దారిలో మాత్రమే ఉంచుతామని 2024లో ప్రకటించారు. పట్టాల పక్కన అరగంట నిలబడ్డాం. రాలేదు. న్యూ మార్కెట్‌కు వెళ్లిపోయాం. వెదురు బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక కూలీ కొట్టు కొట్టుకూ మా వెంటే వచ్చాడు. రెండు బెంగాల్ కాటన్ చీరలకు మోత కూలీ ఏమిటని మొదట విసుక్కున్నాను. మట్టి ముంతలో మిష్టీ దోయి, అంటే తీపి పెరుగు, ఎక్కడ బాగుంటుందో చూపించింది మాత్రం అతనే. కాచిన పాల రంగు, ముంత వాసన, వెగటు పుట్టించే తీపి కాదు. చేతిలో యాభై పెట్టి పంపాం.

రాత్రి బండికి హౌరా వెళ్లడం మెట్రోలో, పది రూపాయలతో. 2024 మార్చిలో మొదలైన ఈ మార్గం నది అడుగు నుంచి వెళుతుంది, మన దేశంలో అదే మొదటిది. నది కింద ఉన్నంతసేపూ సొరంగం గోడలకు నీలి దీపాలు, ముప్పావు నిమిషంలో అయిపోతుంది. మా వారు చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టారు. పెట్టెలతో వెళ్లేవారికి ఇదే మేలు, వంతెన మీది రద్దీలో టాక్సీ ఇరుక్కుంటే బండి పోయినట్టే. చూడటానికంటారా, అద్దంలో మా ముఖాలే కనిపించాయి.

ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆయన కాగితం తీశారు. పదకొండులో అయిదు టిక్కులు, అందులో ఒకటి ఈడెన్ గార్డెన్స్. పెన్ను అడిగి తీసుకుని, కింద పన్నెండో వరుసలో "పడవ" అని రాసి రెండు టిక్కులు పెట్టారు.