సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్: టీ టైమ్ కంటే ముందు ఆలోచించాల్సినవి

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊళ్లో గోల్ఫ్ ఆడొచ్చామని చెప్పగానే గోల్కొండలో మాతో ఆడేవాళ్లంతా అడిగిన మొదటి ప్రశ్న, "ఓల్డ్ కోర్స్‌లో ఎంత తీసుకున్నారు?" అనే. ఓల్డ్ కోర్స్ అంటే ఆ ఊళ్లోని పేరుమోసిన పాత గోల్ఫ్ మైదానం. 2024 వేసవి సీజన్‌లో మనిషికి 320 పౌండ్లు, అంటే దాదాపు 34 వేల రూపాయలు. ఏటా కొంచెం పెంచుతూనే ఉన్నారు. అయితే డబ్బు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండగలరు? ఒక్క రాత్రి ఉండి, పొద్దున్నే ఓల్డ్ కోర్స్ ఆడేసి, మధ్యాహ్నం ఎడిన్‌బరా వెళ్లిపోదాం అనుకునేవాళ్లు ఆశ వదులుకోవాలి, లేదంటే ఏజెంట్ల చేతిలో జేబు ఖాళీ చేసుకోవాలి.

మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) వెనకాల కనిపించే రాతి భవనం రాయల్ అండ్ ఏన్షియంట్ (ఆర్ అండ్ ఏ) గోల్ఫ్ క్లబ్బుది. 1754లో పుట్టిన క్లబ్బు అది. దాన్ని చూసి కోర్స్ కూడా వాళ్లదే అనుకుంటారు చాలామంది. కాదు, నేల ఊరిది. ఆ ఇసుక నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానికి ఉందని 1552లోనే ఆర్చిబిషప్ హామిల్టన్ రాసిచ్చిన పత్రం ఉంది. 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన లింక్స్ ట్రస్టు ఇప్పుడు అక్కడి ఏడు కోర్సులనీ చూసుకుంటోంది. కాబట్టి సభ్యత్వం, సిఫారసు, తెలిసినవాళ్లు ఇవేవీ అక్కర్లేదు. హ్యాండీక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు) సర్టిఫికెట్ ఉంటే హైదరాబాద్‌వాడైనా, టోక్యోవాడైనా లాటరీలో పేరు వేసుకోవచ్చు. మన క్లబ్బులో ఇచ్చే ఇండియన్ గోల్ఫ్ యూనియన్ హ్యాండీక్యాప్ చెల్లుతుంది. ఫోన్లో ఉంటే చాలు, కానీ ఒక ప్రింట్ కూడా పెట్టుకోండి.

ఆ లాటరీనే అక్కడ బ్యాలట్ అంటారు. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటల్లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు. సాయంత్రానికల్లా ఫలితం వచ్చేస్తుంది. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు కాబట్టి సోమవారానికి కావాలంటే శనివారమే పేరు వేయాలి. ఒక్కరే వెళ్లేవాళ్లకి వేరే డ్రా ఉంది. ముందు రోజు ఓల్డ్ కోర్స్ పక్కనున్న ఓల్డ్ పెవిలియన్‌కి గానీ లింక్స్ క్లబ్‌హౌస్‌కి గానీ స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి. 2024కి ముందైతే దీనికోసం అర్ధరాత్రి నుంచే క్యూ కట్టేవారు. స్లీపింగ్ బ్యాగులతో పడుకునేవారు కూడా. ఆ బాధ పోయింది, మంచిదే. ఇవి కాక, వచ్చే ఏడాదికి ఈ ఏడాదే దరఖాస్తు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. ఆగస్టు చివర్లో ట్రస్టు వెబ్‌సైట్ చూస్తుంటే తెలుస్తుంది. వీసా, సెలవులు, పిల్లల పరీక్షలు అన్నీ అంత ముందుగా కుదిరేవాళ్లకి అదే అన్నిటికన్నా మేలు.

ఏజెంట్ల మాట కూడా చెప్పాలి. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) గ్యారంటీ అంటూ హోటల్ గదులు, ఇంకో రెండు కోర్సులు కలిపి ప్యాకేజీ అమ్ముతారు. మేమూ ఒకళ్లని అడిగాం. చెప్పిన రేటు విడివిడిగా కొనుక్కునేదానికి ఎన్నో రెట్లు, పైగా కట్టిన అడ్వాన్సు ఏ కారణం చేతా తిరిగి ఇవ్వరట. వీసా ఇంకా చేతికి రాకముందే అంత డబ్బు కట్టమంటే ఎలా? వద్దన్నాం. అరవై ఏళ్ల పుట్టినరోజుకి నాన్నగారిని తీసుకెళ్తున్నాం, ఆడకుండా తిరిగి రాకూడదు అనుకునేవాళ్లకి మాత్రం ప్యాకేజీ తప్పు కాదు. అయితే ఆ కంపెనీకి ట్రస్టు అనుమతి ఉందో లేదో ట్రస్టు జాబితాలో చూసుకున్నాకే కట్టండి.

సెయింట్ ఆండ్రూస్‌కి రైల్వే స్టేషన్ లేదు. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఎడిన్‌బరాలో దిగి, ట్రామ్ ఎక్కి హేమార్కెట్ వచ్చి, అక్కడ డండీ వైపు వెళ్లే రైలెక్కితే గంటలో లూకర్స్ స్టేషన్. రైలు 1890లో కట్టిన ఎర్రటి ఫోర్త్ బ్రిడ్జి మీదుగా వెళ్తుంది, ఆ కాసేపూ ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి చూడండి. లూకర్స్ నుంచి 99 నంబరు బస్సు పావుగంటలో ఊళ్లో దింపుతుంది. గోల్ఫ్ బ్యాగులతో రైలెక్కడం, దిగడం అయ్యే పనే కానీ చేతులు పడిపోతాయి. లింక్స్ క్లబ్‌హౌస్‌లో మంచి క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) అద్దెకిస్తారు. విమానంలో అదనపు బ్యాగేజీకి పెట్టే డబ్బు లెక్కేసుకుంటే, రెండు మూడు రౌండ్లే ఆడేవాళ్లకి అద్దె క్లబ్బులే నయం. బూట్లు, గ్లోవ్, వాన కోటు మాత్రం మీవే తెచ్చుకోండి.

బస విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఊళ్లోనే ఉండండి. డండీలోనో లూకర్స్ పక్కనో గది చవగ్గా వస్తుంది నిజమే. కానీ బ్యాలట్‌లో పొద్దున్నే టీ టైమ్ వచ్చిందంటే అంత దూరం నుంచి బస్సులు పట్టుకుని పరిగెత్తాలి. ఊరు చిన్నది, మూడు పెద్ద వీధులు, ఎక్కణ్నుంచి ఎక్కడికైనా నడిచిపోవచ్చు. పదిహేడో హోల్ పక్కనే ఉన్న ఓల్డ్ కోర్స్ హోటల్ మా బడ్జెట్‌కి అందేది కాదు. యూనివర్సిటీ వాళ్లు వేసవి సెలవుల్లో హాస్టల్ గదులు యాత్రికులకి ఇస్తారు. ఆగ్నెస్ బ్లాక్‌ఆడర్ హాల్ అలాంటిదే. గది సాదాగా ఉంటుంది, విడి బాత్రూమ్, పొద్దున టిఫిన్ కలిపే. అంతకు ముందు మేము దిగిన గెస్ట్‌హౌస్‌లో కిటికీలోంచి సముద్రం కనిపించేది గానీ, బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నరకి ముందు పెట్టరు. ఏడింటికి టీ టైమ్ ఉందండీ అంటే ఒక అరటిపండు చేతిలో పెట్టారు. గోల్ఫర్లతో బతికే ఊళ్లో ఇదేం పద్ధతో! గది బుక్ చేసేటప్పుడు టిఫిన్ ఎన్నింటికి అని తప్పకుండా అడగండి.

భోజనానికి దిగులు అక్కర్లేదు. ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, కారం మన లెక్కకి తక్కువ. మార్కెట్ స్ట్రీట్‌లోని టెస్కోలో పెరుగు, బ్రెడ్, పళ్లు దొరుకుతాయి. మా ఆవిడ లీడ్స్‌లో తమ్ముడింటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర వచ్చిన రోజు కడుపు నింపింది. మాంసం తినేవాళ్లు హ్యాగిస్ రుచి చూడొచ్చు, తిననివాళ్లకి దాని వెజిటేరియన్ రకమూ ఉంది, మిరియాలు బాగా తగులుతాయి. 1908 నుంచి నడుస్తున్న జానెట్టాస్ ఐస్‌క్రీమ్ దుకాణం ముందు చలిగాలిలో కూడా క్యూ ఉంటుంది. ఎందుకో తిన్నాక తెలిసింది.

ఇక ఆట. బ్యాలట్‌లో వెంటనే పేర్లు రాలేదు. రాదేమోనని టెన్షన్ పడుతూ కూర్చోకుండా ముందు న్యూ కోర్స్ ఆడాం. పేరుకే కొత్తది. అప్పట్లో పేరున్న గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ 1895లో వేసిన కోర్స్ అది. ఇరవై హ్యాండీక్యాప్ వాడిగా చెప్తున్నా, ఆట కోసమే అయితే నాకు న్యూ కోర్సే నచ్చింది. బంతి ఎటు కొట్టాలో కళ్లకి కనిపిస్తుంది. తప్పు కొడితే ముళ్ల గోర్స్ పొదల్లో పోతుంది, వెతుక్కోవడం కూడా దండగ. గోల్కొండలో బంతి పడ్డచోట దాదాపు ఆగుతుంది. ఇక్కడ నేల ఎండిన చెరువులా గట్టిగా ఉంటుంది కాబట్టి పడ్డాక అది తనకిష్టమైన చోటికి పోతుంది. పైకి ఎత్తి కొట్టడం మానేసి నేల మీద దొర్లించడం అలవాటు చేసుకోవాలి. గ్రీన్‌కి (బంతి వేసే రంధ్రం ఉండే నున్నటి గడ్డికి) ముప్పై గజాల దూరం నుంచి పట్టర్ (బంతిని దొర్లించే కర్ర) తీస్తే ఇక్కడ ఎవరూ నవ్వరు.

మర్నాడు సాయంత్రం మా బావమరిది ఫోన్ చూస్తూ అరిచాడు. "బావా, వచ్చేసింది! ఎల్లుండి 4:20కి."

"సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే చీకటి పడిపోదూ?"

"ఇది జూన్ బావా. పదింటిదాకా వెలుతురే. నువ్వు ఆ గ్లోవ్ ఉతికి పెట్టుకో ముందు."

వాడన్నది నిజమే. వేసవిలో సాయంత్రం టీ టైమ్ వస్తే బాధపడకండి, వెలుతురు ఏటవాలుగా పడి నేలలోని ఎగుడుదిగుళ్లు అప్పుడే బాగా కనిపిస్తాయి. ఓల్డ్ కోర్స్‌లో బగ్గీలు (ఆటగాళ్లని తిప్పే చిన్న బండ్లు) లేవు, నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. క్యాడీని (బ్యాగు మోస్తూ ఎటు కొట్టాలో చెప్పే మనిషిని) తీసుకోండి, ఈ ఒక్క చోట పిసినారితనం వద్దు. ముందే బుక్ చేసుకోవాలి, ఫీజు కాక టిప్ కూడా ఇవ్వాలి. మొత్తం వందకి పైగా బంకర్లు, అంటే ఇసుక గుంటలు. వాటిలో చాలా మటుకు టీ మీద నుంచి కనిపించవు. బాగా కొట్టాననుకున్న బంతి మనకి తెలియని గుంటలో దొరుకుతుంది. పైగా పద్నాలుగు హోల్స్‌కి కలిపి ఏడు గ్రీన్లే. రెండోదీ పదహారోదీ ఒకే గ్రీన్, మూడోదీ పదిహేనోదీ ఒకటి, అలా ప్రతి జంట హోల్స్ నంబర్లు కూడితే పద్దెనిమిది. వెళ్లేటప్పుడు తెల్ల జెండాలు, తిరిగొచ్చేటప్పుడు ఎర్రవి. జెండా రంగు చూసుకోకపోతే వేరేవాళ్ల హోల్ వైపు కొడతారు.

మొదటి టీ దగ్గర గుండె దడదడలాడుతుంది. నిజానికి భయపడాల్సినంత ఏమీ లేదు, ఒకటో హోల్, పద్దెనిమిదో హోల్ ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారులు) కలిసిపోయి మైదానమంత వెడల్పు. కానీ కంచె అవతల జనం నిలబడి చూస్తుంటారు. గ్రానీ క్లార్క్స్ వైండ్ అని చిన్న రోడ్డు ఆ రెండు ఫెయిర్‌వేలనీ అడ్డంగా కోస్తూ సముద్రం వైపు పోతుంది. మేము కొట్టబోతుండగా బీచ్‌కి వెళ్లే ఒక కుటుంబం, పిల్లల బకెట్లు పట్టుకుని, రోడ్డు దాటుతోంది. వాళ్లు దాటేదాకా ఆగాం. వాళ్ల దారి వాళ్లది, మన ఆట మనది అన్నట్టు నిదానంగా దాటారు. మన దేశంలో గేటు దగ్గర సెక్యూరిటీ ఉండే క్లబ్బులకి అలవాటుపడ్డవాడికి ఇది వింతగానే ఉంటుంది. నాకైతే అన్నిటికన్నా ఇదే నచ్చింది.

పదిహేడోది రోడ్ హోల్. టీ మీద నిలబడితే ఫెయిర్‌వే కనిపించదు, ఎదురుగా హోటల్‌వాళ్ల ఆకుపచ్చ షెడ్లే కనిపిస్తాయి. పాత రైల్వే షెడ్ల నమూనాలో కట్టినవి. వాటి గోడ మీద హోటల్ పేరు రాసి ఉంటుంది, ఫలానా అక్షరం మీదుగా కొట్టు అంటాడు క్యాడీ. నేను కాస్త ఎడమకి, క్షేమంగా కొట్టాను. మూడో షాట్ గ్రీన్ దాటి తారు రోడ్డు మీద పడింది. అక్కడ బంతిని ఊరికే తీసి పక్కన వేసుకునే ఉచిత డ్రాప్ ఏమీ ఉండదు, రోడ్డు కూడా కోర్స్‌లో భాగమే. తారు మీద నుంచే పట్టర్‌తో నెట్టాను. గ్రీన్ ముందరి లోతైన బంకర్‌లో 1978 ఓపెన్ టోర్నీలో జపాన్ ఆటగాడు నకజిమా ఇరుక్కుని ఆ ఒక్క హోల్‌కే తొమ్మిది షాట్లు తీసుకున్నాడు. నాకు ఏడే. ఆ లెక్కన నయమే కదా అన్నాను, మా బావమరిది ఒప్పుకోలేదు.

ఆదివారం ఓల్డ్ కోర్స్ పార్కు అయిపోతుంది. ఎవరైనా ఉచితంగా నడవొచ్చు, కుక్కల్ని తెచ్చుకోవచ్చు, కోర్స్‌లోనే ఉన్న స్విల్కన్ అనే పాత రాతి వంతెన మీద ఫొటో దిగొచ్చు. బ్యాలట్ తగలనివాళ్లు, అసలు ఆడనివాళ్లు ఇంట్లో ఉంటే ఆదివారం కలిసొచ్చేలా ప్లాన్ చేసుకోండి. మా ఆవిడకి గోల్ఫ్ అంటే పెద్దగా ఇష్టం లేదు, అయినా హిమాలయాస్ అనే పుటింగ్ గ్రీన్‌లో మా ఇద్దరినీ ఓడించింది. 1867 నాటి లేడీస్ పుటింగ్ క్లబ్బు వాళ్లది అది, కొన్ని పౌండ్లిస్తే పిల్లలు కూడా ఆడొచ్చు. గుట్టలు గుట్టలుగా ఉండే గ్రీన్, ఆ పేరు ఊరికే రాలేదు. కూలిపోయిన కెథీడ్రల్ ఆవరణలో ఓల్డ్ టామ్, ఇరవై నాలుగేళ్లకే పోయిన అతని కొడుకు సమాధులున్నాయి. నార్త్ స్ట్రీట్‌లో నేల మీద రాళ్లతో పేర్చిన రెండక్షరాలుంటాయి. 1528లో సజీవ దహనం చేసిన మతసంస్కర్త ప్యాట్రిక్ హామిల్టన్ గుర్తు. వాటిని తొక్కితే పరీక్ష తప్పుతామని యూనివర్సిటీ విద్యార్థుల నమ్మకం, పక్కకి జరిగి నడుస్తారు. పిల్లి ఎదురొస్తే ఆగే మనం వాళ్లని చూసి నవ్వే పని లేదు.

చుట్టుపక్కల కోర్సుల్లో కింగ్స్‌బార్న్స్ అందంగా ఉంటుందని అందరూ అంటారు గానీ ధర చూసి మానేశాం. క్రెయిల్‌లోని బాల్కోమీ లింక్స్ దానికి పక్కనే, ధర చాలా తక్కువ, దాదాపు ప్రతి హోల్ నుంచీ సముద్రం కనిపిస్తుంది. ఈలీలో మొదటి ఫెయిర్‌వేకి అడ్డంగా గుట్ట ఉంటుంది. దాని అవతల ఎవరైనా ఉన్నారేమో చూడ్డానికి ఆట మొదలుపెట్టించే స్టార్టర్ గదిలో జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టుకున్నారు, అడిగితే మనల్నీ చూడనిస్తారు. కార్నూస్టీ మాత్రం ఇరవై హ్యాండీక్యాప్ వాడికి శిక్షే, గాలి వీచిన రోజు మరీనూ. తిరుగు ప్రయాణంలో ఎడిన్‌బరాలో ఒక రోజు మిగిలితే అరగంట రైలు దూరంలో నార్త్ బెర్విక్ ఉంది. పదమూడో హోల్‌లో గ్రీన్ ముందు అడ్డంగా రాతి గోడ, దాని మీదుగా కొట్టాలి.

వెళ్లే నెల గురించి: మే, జూన్, సెప్టెంబర్ మంచివి. నవంబర్ నుంచి మార్చి దాకా ధర తగ్గుతుంది గానీ ఓల్డ్ కోర్స్ ఫెయిర్‌వేల మీద చిన్న చాప వేసి దాని మీద నుంచి కొట్టిస్తారు, అంత దూరం నుంచి వెళ్లినవాళ్లకి అది తృప్తినివ్వదు. జూన్‌లో కూడా పొద్దున ఎండ, మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి మంచు తెర, స్వెటర్ తప్పనిసరి. 2027 జూలైలో ఓపెన్ మళ్లీ ఇక్కడే జరగబోతోంది. ఆ ఏడాది వేసవిలో గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి, టోర్నీకి ముందు కోర్స్ మామూలు జనానికి మూసేస్తారు కూడా. ఆడాలనుకునేవాళ్లు ఆ జూన్, జూలై వదిలేసి సెప్టెంబర్‌కి పెట్టుకోండి.