ఒకే పోలిక మేలా, తారుమారైన ఫొటో మేలా?

అమాయకుణ్ని హంతకుడనుకుని పోలీసులు వెంటపడే స్లాప్‌స్టిక్ (పడటం, దూకడం, పరుగుల లాంటి శరీర విన్యాసాలతో నవ్వించే హాస్యం) కథను రెండు రకాలుగా నడపవచ్చు. ఇద్దరికీ నిజంగానే అచ్చుగుద్దినట్టు ఒకే పోలిక ఉండటం ఒకటి. పోలికే లేకపోయినా ముద్ర పడిపోవడం మరొకటి. మొదటిదానికి జాన్ ఫోర్డ్ 1935లో తీసిన ‘ది హోల్ టౌన్స్ టాకింగ్’, రెండోదానికి బస్టర్ కీటన్ 1921 నాటి మూకీ ‘ది గోట్’ మంచి ఉదాహరణలు.

ఫోర్డ్ చిత్రంలో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ది ద్విపాత్రాభినయం. జోన్స్ నోట్లో నాలుక లేని గుమాస్తా, మానియన్ జైలు నుంచి పారిపోయిన కిరాతకుడు. పోలీసులు జోన్స్‌ను పట్టుకుని, పొరపాటు తెలిశాక, ఇతను మానియన్ కాదని ఒక పత్రం రాయించి ఇస్తారు. కథ అక్కడే ఊపందుకుంటుంది. మానియన్ అతని ఇంటికే వచ్చి, రాత్రిళ్లు ఆ పత్రం తనకు కావాలంటాడు! అమాయకుణ్ని కాపాడాల్సిన కాగితం హంతకుడికి అండ అవుతుంది. ఇంత బిగువైన మలుపు కీటన్ చిత్రంలో లేదు, ఒప్పుకోవాల్సిందే. అయితే ఇక్కడి నవ్వు ఎక్కువగా మాటల్లో, రాబిన్సన్ ముఖంలో పుడుతుంది. పైగా ఒకే నటుణ్ని ఇద్దరిగా చూపాలంటే విడివిడిగా తీసి కలపాలి. వాళ్లు ఒకరి మీద ఒకరు పడి దొర్లే వీలు తక్కువ. స్లాప్‌స్టిక్‌కు అది పెద్ద లోటు.

కీటన్‌కు ఆ బెడద లేదు. జైలు కిటికీ ఊచల్లోంచి ఊరికే లోపలికి తొంగి చూస్తాడు. లోపల ‘డెడ్ షాట్ డాన్’ అనే హంతకుడికి ఫొటో తీస్తున్నారు. డాన్ చటుక్కున తల వంచి, కెమెరా మీట తానే నొక్కేస్తాడు. ఫొటోలో పడింది వెనకున్న కీటన్! డాన్ పారిపోగానే ఊచలు పట్టుకున్న కీటన్ బొమ్మే గోడలకెక్కుతుంది. ఒక్క మాట లేకుండా, క్షణాల్లో కథకు కావలసిన అపోహ అంతా సిద్ధమైపోయింది.

ఇక మిగిలిందంతా పరుగే. తనను భోజనానికి పిలిచిన అమ్మాయి తండ్రి ఎవరో కాదు, వెంటాడుతున్న పోలీసు అధికారే. జో రాబర్ట్స్ ఆ పాత్రలో కొండలా ఉంటాడు. కీటన్ భోజనాల బల్ల ఎక్కి, అక్కడి నుంచి ఆయన భుజాల మీదికి, అటు నుంచి తలుపు పైనున్న చిన్న కిటికీలోంచి బయటికి దూకేస్తాడు. కిందున్నది నిజంగా మరో మనిషి, దూకింది నిజంగా కీటన్. అందుకే అంత నవ్వొస్తుంది.

స్లాప్‌స్టిక్ వరకు నా ఓటు ‘ది గోట్’కే. నిడివి రెండు రీళ్లే కాబట్టి ముందు అదే చూడండి. పాత్రల లోతు, కథనంలో పట్టు కావాలనుకునేవారికి మాత్రం ఫోర్డ్ చిత్రమే మేలు.