ఫ్రాన్స్‌లో మా మొదటి కారు: గ్యాస్ డాసియా సాండేరో, సెకండ్ హ్యాండ్

ముందే చెప్పేస్తాను. కుటుంబంతో ఫ్రాన్స్‌కి వచ్చి, పన్నెండు వేల యూరోల లోపు మొదటి కారు వెతుక్కుంటున్న వాళ్ళకి డాసియా సాండేరో ఎకో-జి, అంటే గ్యాస్‌తోనూ పెట్రోల్‌తోనూ నడిచే రకం, మంచి బండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెబుతాను. అంతకంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇక్కడ ఏ కారు కొనాలో సగం నిర్ణయం షోరూమ్‌కి వెళ్ళకముందే అయిపోతుంది. మీ లైసెన్సు, ఇన్సూరెన్సు, మీరుండే ఊరు, ఈ మూడూ కలిసి ఆ నిర్ణయం చేసేస్తాయి.

మేముండేది టూలూజ్ పక్కన టూర్న్‌ఫొయ్‌లో. నా ఆఫీసు కొలొమియేలో, విమానాల పనికి సంబంధించిన కంపెనీలన్నీ ఉన్న వైపు. మెట్రో ఎ, బి లైన్లు ఊళ్ళోకి వెళ్ళడానికి బాగుంటాయి. కానీ ఒక శివారు నుంచి ఇంకో శివారుకి వెళ్ళాలంటే బస్సులు మారుతూ పోవాలి. కొలొమియే దాకా వచ్చే సి లైను ఇంకా కడుతున్నారు. పొద్దున పాపని బడిలో దించి ఆఫీసుకి చేరాలంటే కారు తప్పలేదు. పారిస్‌లో ఉండేవాళ్ళయితే ఈ రివ్యూ ఇక్కడే ఆపేసి నెలవారీ మెట్రో పాస్ తీసుకోండి, హాయి.

లైసెన్సు సంగతి. ఇండియా లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఒక్క ఏడాదే నడపనిస్తారు. చదువు కోసం వచ్చిన స్టూడెంట్లకి చదువు అయ్యేదాకా వీలుంది, మనలా ఉద్యోగాలకి వచ్చినవాళ్ళకి లేదు. కొన్ని దేశాల లైసెన్సు ఇచ్చేసి ఫ్రెంచి లైసెన్సు తీసుకోవచ్చు, ఆ జాబితాలో మన దేశం లేదు. కాబట్టి పదిహేనేళ్ళు నడిపినా సరే, మళ్ళీ మొదటి నుంచి పరీక్ష రాయాల్సిందే. మొదట 'కోడ్', అంటే రోడ్డు నియమాల పరీక్ష. 40 ప్రశ్నలు, అందులో 35 కరెక్టు కావాలి, ఫీజు 30 యూరోలు. తర్వాత రోడ్డు మీద అరగంటకి పైగా డ్రైవింగ్ పరీక్ష. కోడ్‌లో మనవాళ్ళని ఎక్కువగా తికమక పెట్టేది కుడి వైపు ప్రాధాన్యం. ఏ బోర్డూ లేని చౌరస్తాలో చిన్న సందులోంచి వచ్చినా సరే, కుడి చేతి వైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. మన దగ్గర పెద్ద రోడ్డు మీద ఉన్నవాడిదే రాజ్యం కదా, ఆ అలవాటు వదలడానికి టైం పడుతుంది.

ఇక్కడే కారు ఎంపిక మొదలవుతుంది. ఇండియాలో నేను నడిపింది ఆటోమేటిక్. పరీక్ష కూడా ఆటోమేటిక్‌లోనే ఇచ్చేయొచ్చు, సులువు కూడా. కానీ అప్పుడు లైసెన్సు మీద 78 అనే కోడ్ పడుతుంది, మాన్యువల్ బండి నడపడానికి వీల్లేదు. మూడు నెలల తర్వాత ఏడు గంటల ట్రైనింగ్ తీసుకుంటే ఆ ఆంక్ష తీసేస్తారనుకోండి. ఈలోపు కారు కొనాలంటే? ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో పాత చిన్న కార్లలో ఎక్కువ భాగం మాన్యువల్‌వే. ఆటోమేటిక్ కావాలంటే ధర పెరుగుతుంది, ఎంపిక తగ్గుతుంది. అందుకని నేను మాన్యువల్‌లోనే నేర్చుకుని పరీక్ష ఇచ్చాను. కుడి చేత్తో గేరు వేయడం అలవాటయ్యేదాకా చిరాకు, తర్వాత ఏమీ లేదు.

ఇన్సూరెన్సు దగ్గర అసలు షాక్. కొత్త ఫ్రెంచి లైసెన్సు వచ్చింది కాబట్టి ముప్పై ఎనిమిదేళ్ళకి నన్ను మళ్ళీ కొత్త డ్రైవర్ కింద లెక్కగట్టారు. మొదటి ఏడాది ప్రీమియం మీద నూటికి నూరు శాతం దాకా అదనం వేయొచ్చు, ఏ ప్రమాదమూ చేయకపోతే రెండో ఏడు సగానికి, మూడో ఏడు పావుకి దిగుతుంది. ఇది కాక బోనస్-మాలస్ అనే లెక్క వేరే ఉంది. ప్రీమియాన్ని ఒక అంకెతో గుణిస్తారు. అందరూ 1.00 దగ్గర మొదలవుతారు, ప్రమాదం లేని ప్రతి ఏడాదికీ 5 శాతం తగ్గుతుంది, అలా 13 ఏళ్ళకి 0.50కి చేరుతుంది. మీ తప్పుతో ఒక ప్రమాదం జరిగితే 25 శాతం పైకి. ఇండియా కంపెనీ ఇచ్చిన నో క్లెయిమ్ లెటర్‌ని ఇక్కడి అధికారిక అనువాదకుడి చేత తర్జుమా చేయించి పెట్టుకున్నాను. ఒక కంపెనీ ఫోన్‌లో దాన్ని చూడనైనా చూడకుండా కుదరదు అనేసింది. ఇంకో కంపెనీ కొంత తగ్గించింది. అడగడానికి మొహమాటపడకండి, మూడు నాలుగు చోట్ల కొటేషన్ తీసుకోండి. కారు ఫైనల్ చేయకముందే తీసుకోండి, ఎందుకంటే ఇంజన్ పవర్ పెరిగేకొద్దీ ఆ మొత్తం ఎలా ఎగబాకుతుందో చూస్తే కారు మోడల్ మీద మోజు దానంతటదే చల్లారుతుంది.

మా ఆయనకి డస్టర్ మీద మనసు. ఇండియాలో రెనో బ్యాడ్జితో మనం చూసిన డస్టరే ఇక్కడ డాసియా పేరుతో తిరుగుతుంది, డాసియా కూడా రెనో గ్రూపుదే. పాత పరిచయం కదా, చూడగానే కళ్ళు మెరిశాయి ఆయనకి. కానీ అదే డబ్బుకి వచ్చేవి బాగా ఎక్కువ తిరిగిన డస్టర్లు. పొడవు కూడా 4.34 మీటర్లు, సాండేరో 4.09. మా వీధిలో రెండు కార్ల మధ్య వెనక్కి వంకర తిప్పి పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పాతిక సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది. సాండేరోకి, డస్టర్‌కి ఇన్సూరెన్సు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూపించాక ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఒక దశలో ప్యూజో, సిట్రోయెన్ లాంటి వాటిలో వచ్చే 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజన్ ఉన్న చిన్న కార్లు కూడా చూశాం, ధర కూడా నచ్చింది. ఆ ఇంజన్లలో టైమింగ్ బెల్టు నూనెలో మునిగి తిరుగుతుంది, అది ముందే అరిగిపోతోందన్న ఫిర్యాదులు యూరప్ అంతా వచ్చాయి. చివరికి తయారీదారు స్టెల్లాంటిస్ 2024లో పదేళ్ళు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా ఖర్చు భరించే పథకం ప్రకటించింది. ఆ రకం బండి కొనేటట్టయితే సర్వీసు బిల్లులన్నీ ఉన్నదే తీసుకోండి. మా దగ్గర అంత ఓపిక లేదు.

అలా చివరికి 2021 మోడల్ సాండేరో ఎకో-జి, 11,500 యూరోలకి ఒక డీలర్ దగ్గర. ప్రైవేటు అమ్మకందారు దగ్గరైతే ఇంకో వెయ్యి తగ్గేదేమో. కానీ డీలర్ దగ్గర కొంటే చట్టప్రకారం రెండేళ్ళ గ్యారంటీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండిలో మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది అమ్మినప్పుడే ఉందని చట్టం అనుకుంటుంది, మనం నిరూపించక్కర్లేదు. ప్రైవేటు వాళ్ళ దగ్గర కొంటే ఆ లోపం ముందే ఉందని మనమే నిరూపించుకోవాలి. భాష రానివాళ్ళకి ఈ తేడా వెయ్యి యూరోల కంటే ఎక్కువ.

అయినా ప్రైవేటుగా కొనేవాళ్ళ కోసం: హిస్టోవెక్ అనే ప్రభుత్వ సైటు ఉంది, ఉచితం. కారు ఎన్ని చేతులు మారింది, తనఖాలో ఉందా, దొంగబండా, కంట్రోల్ టెక్నిక్ అనే తనిఖీల్లో కిలోమీటర్లు ఎంత రాశారు, అన్నీ కనిపిస్తాయి. ఆ రిపోర్టు ఓనరే తీసి మనకి లింకు పంపాలి. పంపడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. నేను చూసిన ఒక బండి ఓనరు సర్వీసు పుస్తకం ఇల్లు మారేటప్పుడు పోయిందన్నాడు, హిస్టోవెక్ అంటే ఇంటర్నెట్ లేదన్నాడు. ఆ ప్రకటనేమో ఇంటర్నెట్‌లోనే పెట్టాడు మహానుభావుడు! నాలుగేళ్ళు దాటిన కారు అమ్మాలంటే ఆరు నెలల లోపు చేయించిన కంట్రోల్ టెక్నిక్ రిపోర్టు ఉండాలి. దాని మీద పాస్ అని చూసి వదిలేయకుండా 'చిన్న లోపాలు' అన్న భాగం చదవండి, టైర్లు, బ్రేకుల ముందస్తు కబురు అక్కడే ఉంటుంది. నంబర్ ప్లేటు కుడి పక్కన జిల్లా నంబరు చూసి లోకల్ బండి అనుకోకండి. 2009 నుంచి వచ్చిన కొత్త ప్లేట్లలో ఓనరు తనకి ఇష్టమైన జిల్లా పెట్టుకోవచ్చు. కొన్నాక నెల రోజుల్లో కార్త్ గ్రీజ్, అంటే మన ఆర్‌సీ, మీ పేరుకి మార్చుకోవాలి, అంతా ఆన్‌లైన్‌లోనే.

ఇక బండి. గ్యాస్ కారు అనగానే ఇంట్లోవాళ్ళకి టెన్షన్. మా అత్తగారైతే డిక్కీలో వంట సిలిండర్ పెట్టుకుని తిరుగుతున్నామనుకున్నారు. ఇది బయట బిగించిన కిట్ కాదు, ఫ్యాక్టరీలోనే పెట్టింది. స్టెప్నీ ఉండాల్సిన గుంతలో గుండ్రటి ట్యాంకు ఉంటుంది. బండి పెట్రోల్‌తో స్టార్ట్ అయి, ఇంజన్ వేడెక్కగానే తనంతట తానే గ్యాస్‌కి మారుతుంది. కావాలంటే ఒక బటన్‌తో మనమే మార్చుకోవచ్చు. గ్యాస్‌ని ఇక్కడ జీపీఎల్ అంటారు. లీటరు ఒక యూరో అటూఇటూ, పెట్రోల్ యూరో డెబ్భై దగ్గర. గ్యాస్‌తో నడిపితే లీటర్లు కాస్త ఎక్కువే తాగుతుంది, వంద కిలోమీటర్లకి ఏడు పైచిలుకు. అయినా నెల ఖర్చు స్పష్టంగా తగ్గింది. రెండు ట్యాంకులూ నిండితే పెట్రోల్ బంకు గురించి ఆలోచనే ఉండదు. పైగా గ్యాస్ బండికి క్రిటేర్ అనే కాలుష్యం స్థాయి స్టిక్కర్లలో 1 వస్తుంది, అదే వయసు డీజిల్‌కి 2 వస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత మేలు. పెద్ద ఊళ్ళలో కాలుష్యం ఆంక్షలు పెట్టినప్పుడు ఈ స్టిక్కరే చూస్తారు. దాన్ని అధికారిక సైటులోనే కొనండి, నాలుగు యూరోల లోపే. వెతికితే ముందుగా కనిపించే సైట్లన్నీ ప్రభుత్వానివి కావు.

గ్యాస్ నింపడం మాత్రం కాస్త తంటా. అన్ని బంకుల్లో ఉండదు, ముందే చూసుకుని వెళ్ళాలి. గొట్టం బిగించి, నిండేదాకా బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి. జనవరి పొద్దున చేతి తొడుగులు లేకుండా వెళ్ళకండి. టూలూజ్ నుంచి స్పెయిన్ దగ్గరే కదా అని బయల్దేరేవాళ్ళు అడాప్టర్ కొనుక్కోండి, అక్కడి పంపు మూతి వేరు. నేను ఒకటి తగ్గించానన్నానే, అందులో సగం దీనికి.

మిగతా సగం యూరో ఎన్‌క్యాప్ అనే కారు భద్రతా పరీక్షల రేటింగ్‌కి. 2021లో ఈ తరం సాండేరోకి ఐదింటిలో రెండు నక్షత్రాలే వచ్చాయి. పెద్దల రక్షణలో 70 శాతం, ఫర్వాలేదు. కానీ లేన్ దాటకుండా సాయం చేసే వ్యవస్థ లాంటివి లేకపోవడం వల్ల మొత్తం రేటింగ్ కిందికి పోయింది. చిన్న పిల్లలున్న వాళ్ళు ఇది తెలిసి కొనాలి. పాపది వెనక సీటే, పదేళ్ళ లోపు పిల్లల్ని ముందు కూర్చోబెట్టడానికి ఇక్కడ వీల్లేదు కూడా.

లోపల ప్లాస్టిక్ గట్టిది, సీట్లు మామూలువి, మాకు అభ్యంతరం లేదు. బాగా స్పీడులో గాలి చప్పుడు వినిపిస్తుంది అంటారు. కొత్త లైసెన్సు వాళ్ళు మోటర్‌వే మీద 130 కాకుండా 110 దాటకూడదు, అందుచేత ఆ చప్పుడు నాకింకా పరిచయం కాలేదు. డిక్కీ 328 లీటర్లు. వారం సరుకులకి, పాప సైకిల్‌కి సరిపోతుంది. బ్లాన్యాక్ ఎయిర్‌పోర్టు నుంచి అత్తగారిని, ఆవిడ పచ్చళ్ళతో నిండిన రెండు పెద్ద సూట్‌కేసుల్ని తేవాలంటే వెనక సీటు ఒక పక్క మడవాల్సిందే. ఒక హెచ్చరిక: సాండేరోల్లో అన్నిటికంటే కింది రకంలో ఏసీ ఉండదు. టూలూజ్ ఎండాకాలంలో 40 డిగ్రీలు చూశాక చెబుతున్నాను, ఆ ప్రకటనల మీద సమయం పెట్టకండి. మాది దానికంటే పై రకం.

రోజూ మోటర్‌వే మీద వంద కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళు, ముగ్గురు పిల్లలున్న వాళ్ళు వేరే బండి చూసుకోండి. చలికాలంలో పిరనీస్ కొండలకి వెళ్ళే ఆలోచన ఉంటే నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా కొండ ప్రాంతాల్లో మంచు టైర్లు ఉండాలి, లేదా గొలుసులు దగ్గరుంచుకోవాలి. మేం ఆల్ సీజన్ టైర్లు వేయించాం, పక్కన మంచు పువ్వు ఉన్న కొండ గుర్తు ఉన్నవి. ఇప్పుడు ఆ గుర్తు లేనివాటిని లెక్కలోకి తీసుకోవడం లేదు. బండి దారిలో ఆగిపోతే వేసుకునే మెరిసే పసుపు జాకెట్ మాత్రం డిక్కీలో కాదు, చేతికి అందేలా సీటు దగ్గరే పెట్టుకోండి, చెకింగ్‌లో ముందు అదే అడుగుతారు.