పెద్ద ఆఫర్లకి ‘వద్దు’ చెప్పడం: పన్నెండేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు, కొనడం, దాచడం, అమ్మడం 2013లో మొదలుపెట్టాను. అమలాపురంలో నా అసలు పని వెబ్‌సైట్లు చేసి పెట్టడం. కొబ్బరి వ్యాపారులు, రొయ్య పిల్లల హేచరీలు, కల్యాణ మండపాలు, కడియం నర్సరీలు నా ఖాతాదారులు. పేర్ల వ్యాపారం దాని పక్కన చేసుకునేది. ఒక దశలో నా దగ్గర నూట నలభై పేర్లుండేవి, ఇప్పుడు ముప్పై ఎనిమిది.

ఈ సమీక్ష ఏ కంపెనీ గురించీ కాదు. అమ్మకానికి పెట్టిన పేరు కింద ‘మీ ధర చెప్పండి’ అని ఒక ఫారం ఉంటుంది. అందులోంచి పెద్ద అంకె వచ్చినప్పుడు ‘వద్దు’ అని జవాబు పెట్టే పద్ధతి గురించి రాస్తున్నాను. ఐదు నక్షత్రాలకి మూడు ఇస్తాను. పోయిన రెండూ ఎందుకు పోయాయో ముందు చెప్తాను.

2014లో ఆరొందల చిల్లరకి ఒక డాట్ కామ్ కొన్నాను. ఆక్వా రంగానికి పనికొచ్చే రెండు పొట్టి ఇంగ్లీషు మాటల పేరు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది కాబట్టి బయటపెట్టను. 2017లో ఒక బ్రోకర్ మెయిలు పెట్టాడు. కొనేదెవరో చెప్పలేదు, మూడు వేల డాలర్లన్నాడు. అప్పుడు డాలరు అరవై నాలుగు, అరవై ఐదు దగ్గరుంది. అంటే దాదాపు రెండు లక్షలు. ఆరొందల వస్తువుకి రెండు లక్షలొస్తుంటే ఎవరైనా ఇచ్చేస్తారు. నేను మాత్రం పదిహేను వేల డాలర్లు అడిగాను. వాళ్ళు ఐదు వేలకొచ్చారు. వద్దన్నాను. ఆరున్నర వేలకొచ్చి, ఇదే చివరి మాట అన్నారు. దానికీ వద్దన్నాను. ఇంతలా ఎక్కుతున్నారంటే ఇంకా ఎక్కుతారనే లెక్క తప్ప నా దగ్గర వేరే లెక్క లేదు. ఆ తర్వాత మళ్ళీ మెయిలు రాలేదు. రెండు నెలలకి చూస్తే అదే పేరు వేరే తోకతో, అంటే డాట్ కామ్ కాకుండా వేరే ఎక్స్‌టెన్షన్‌లో తీసుకుని సైటు తెరిచేశారు.

ఆ దసరాకి అంబాజీపేటలో బాబాయ్ ఇంటికెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయనది కురిడీ వ్యాపారం. కాయల్ని అటకెక్కించి, తొమ్మిది పది నెలలు లోపలే ఎండనిచ్చి, రేటు చూసి దింపుతారు. బాబాయ్ అటక మీంచి ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా గడగడలాడుతోంది.

“ఒరే, ఇది అటకెక్కించిన రోజునే అనుకున్నాను, ఇంతొస్తేగానీ దింపనని. నీ రేటు నువ్వెప్పుడనుకున్నావ్? ఆడు మెయిలెట్టకముందా, ఎట్టాకా?”

“ఎట్టాకే బాబాయ్.”

“మరి నీ రేటేదిరా? ఆడు చెప్పిన అంకెనే పెంచుకుంటా పోయావు.”

నా దగ్గర జవాబు లేదు. అటక మీద కొన్ని కాయలు కుళ్ళిపోతాయి, కొన్ని ఎలుకల పాలవుతాయి, మిగతావాటిలో మళ్ళీ గండేరా రకానికొక ధర, గటగట రకానికొక ధర. ఇవన్నీ ముందే లెక్కేసుకున్న మనిషి కాబట్టి బేరగాడు వాకిట్లో నిలబడ్డా ఆయన తొణకడు.

అప్పట్నుంచి ఒక పుస్తకం పెట్టాను. పేరు నిలుపుకోడానికి ఏటా రెన్యూవల్ కట్టే రోజునే ప్రతి పేరు పక్కనా దాన్ని వదిలే ధర రాస్తాను. ఆ పేరు నిజంగా కావాల్సిన వ్యాపారాలు కనీసం ఐదారు నాకు కళ్ళెదుట కనిపించాలి. అది దొరక్కపోతే వాళ్ళు ఏ పేరుతో సరిపెట్టుకుంటారో, దానికి వాళ్ళకెంతవుతుందో చూస్తాను. దాచే ఖర్చు కలుపుతాను. ఈ దాచే ఖర్చుని చాలామంది లెక్కలోకే తీసుకోరు. డాట్ కామ్ పేర్ల మొత్తం చిట్టా (రిజిస్ట్రీ) నడిపే వెరిసైన్ కంపెనీ టోకు ధర 2013లో ఏడాదికి 7.85 డాలర్లు, 2024 సెప్టెంబరు నుంచి 10.26 డాలర్లు. ఈలోగా డాలరు అరవై నుంచి ఎనభై ఐదు దాటింది. దాని మీద మనకి పేరు అమ్మే రిజిస్ట్రార్ లాభం, పద్దెనిమిది శాతం జీఎస్టీ. ముప్పై ఎనిమిది పేర్లకి నాకు ఏడాదికి దగ్గరదగ్గర యాభై వేలవుతోంది. వద్దన్న ప్రతిసారీ ఈ మీటరు ఇంకో ఏడాది తిరుగుతుంది. నూట నలభై పేర్లు ముప్పై ఎనిమిదికి దిగింది అందుకే. వదిలే ధర రాయడానికి చెయ్యి ఆడని పేర్లని రెన్యూ చెయ్యడం మానేశాను.

ఆ పుస్తకం పనికొచ్చిందా అంటే, ఒక్క పేరు విషయంలో బ్రహ్మాండంగా పనికొచ్చింది. అదొక ఒంటిమాట పేరు, 2018లో వేలంలో పాడుకున్నాను. పక్కన ఇరవై వేల డాలర్లని రాసుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో తొమ్మిది వేలకి ఆఫరొచ్చింది. అప్పటికి మూడు నెలలుగా ఒక్క కొత్త సైటు పని లేదు. రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ అడిగింది: “పుస్తకంలో ఎంత రాశారండీ?” చెప్పాను. “ఇల్లు గడవడానికి ఈ డబ్బే దిక్కా?” కాదు, ఆర్నెల్లకి సరిపడా దాచుకున్నది ఉంది. “మరి ఆగండి” అంది. వద్దని రాశాను. మరుసటేడు వాళ్ళే పద్నాలుగు వేలకొచ్చారు. మళ్ళీ వద్దన్నాను.

ఈసారి వద్దనడానికి నా దగ్గర కారణాలున్నాయి. మెయిలు బ్రోకర్ నుంచి కాదు, సొంత కంపెనీ ఐడీ నుంచి వచ్చింది. వాళ్ళ సైటు అప్పటికే అదే మాటకి ముందొక మాట తగిలించి నడుస్తోంది. అంటే పేరు మార్చుకునే దశ వాళ్ళకి దాటిపోయింది. 2022 నవంబరులో ఇరవై రెండు వేలకి కుదిరింది. కొన్నవాళ్ళ డబ్బు ముందు ఎస్క్రోలో, అంటే బదిలీ అయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి దగ్గర, పడింది. పడిందని నేను ఎస్క్రో సైటులోకి వెళ్ళి చూసుకున్నాకే పేరు బదిలీకి కావాల్సిన రహస్య ఆథ్ కోడ్ ఇచ్చాను. బదిలీ పూర్తయ్యాక, పదిహేను శాతం కమిషన్ పోగా, బ్యాంకులో పదిహేను లక్షల పైచిలుకు జమైంది. విదేశాల నుంచి ఎందుకొచ్చిందని బ్యాంకువాళ్ళు అడుగుతారు, అమ్మకం కాగితాలు దగ్గర పెట్టుకోండి.

నేనిచ్చిన ఆ మూడు నక్షత్రాల్లో రెండున్నర ఈ ఒక్క అమ్మకానివే. అయినా మనసులో ఒకటుంది. ఆ రెండేళ్ళలో ఆ కంపెనీ మూతపడి ఉంటే నేను ఈ సమీక్షని ఇంకోలా రాసేవాణ్ణి. 1994 నుంచి ఏడాదికి ఇరవై డాలర్లు కట్టుకుంటూ వచ్చిన పిజ్జా డాట్ కామ్ 2008లో 26 లక్షల డాలర్లకి పోయిందనీ, వాయిస్ డాట్ కామ్‌ని మైక్రోస్ట్రాటజీ అనే పెద్ద కంపెనీ 2019లో 3 కోట్ల డాలర్లకి అమ్మిందనీ ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. వద్దని, వద్దని, చివరికి పేరు చేతిలోనే మిగిలిపోయినవాళ్ళ కథలు మాత్రం ఎవరూ రాయరు. మైక్రోస్ట్రాటజీకి ఆ డబ్బుతో ఇల్లు గడవాల్సిన పని లేదు. ఈ తేడా మర్చిపోకండి.

అసలు పెద్ద అంకెలన్నీ ఆఫర్లు కావు. 2015లో నాకు పద్దెనిమిది వేల డాలర్ల మెయిలొచ్చింది. కొంటాం గానీ ఫలానా చోట విలువ సర్టిఫికెట్ తీసుకు రమ్మన్నారు, దానికి వంద డాలర్లు. కట్టాను. సర్టిఫికెట్ వచ్చింది, కొనేవాడు మాయమయ్యాడు. ఇది పాత మోసమే. అమ్మేవాడి చేత డబ్బు కట్టించే ఏ ఆఫరుకైనా జవాబే ఇవ్వకండి.

వేరేవాళ్ళ బ్రాండున్న పేరైతే వద్దని పెద్ద ధర అడగడమే ప్రమాదం. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే తగాదా నిబంధనల కింద, ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్ళకే ఖర్చుకి మించిన ధరకి అమ్మచూపడం దురుద్దేశానికి సాక్ష్యంగా నిలవొచ్చు. డాట్ ఇన్‌కి అలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. అలాంటి పేర్లు నేను కొనను.

చిన్న ఊళ్ళ కొనుగోళ్ళ దారి వేరు. కడియపులంక నర్సరీ ఆయన ఒక పేరుకి నలభై వేలన్నారు. పుస్తకంలో లక్ష ఉంది. అయినా ఇచ్చేశాను. ఆయన పూలమొక్కలమ్మి తెచ్చిన నలభై వేలు, బయట కంపెనీ తొమ్మిది వేల డాలర్ల కంటే పెద్ద ఆఫరు.

వద్దన్నవాటిలో నాకు బొత్తిగా అనుమానం లేనిది ఒకటే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపొచ్చాక, ఆ ఊరి పేరు, తీపి పేరు కలిసిన నా పేరొకదానికి లక్షన్నర ఇస్తానని ఒక వ్యాపారి ఫోను చేశాడు. ఆ ఊరితో ఆయనకి సంబంధం లేదు. నేను చిన్నప్పుడు అక్కడ బోర్లించిన వేడి కుండ మీద, పిండి జావలో ముంచిన గుడ్డని ఒక్కసారి పరిచి తీసి, రేకుని చిటికెలో లేపే ఆడవాళ్ళని చూశాను. ఆ పేరు వాళ్ళది. ఆయనకి వద్దని చెప్పి, ఆ ఊళ్ళో తయారుచేసే ఒకావిడకి రెన్యూవల్ ఖర్చుకే రాసిచ్చాను.

2017లో బేరం పోగొట్టుకున్న ఆక్వా పేరు రెన్యూవల్ వచ్చే నెల. పోయినేడు దాని పక్కన నాలుగు వేల డాలర్లుంది. ఈసారి కొట్టేసి మూడు వేలని రాశాను. ఆ బ్రోకర్ మొదటి మెయిల్లో ఉన్న అంకే అది. ఎవరైనా ఆ మాటంటే ఆ రోజే ఇచ్చేస్తాను.