విజయనగరంలో స్కూటర్ బ్యాటరీ మార్పిస్తున్నారా? చార్జర్ వోల్టులు కొలవనిదే డబ్బులివ్వకండి

షాపు పేరు రాయను. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని 250 వాట్ల ఎలక్ట్రిక్ బండ్లు వాడేవాళ్లకి ఊళ్లో బ్యాటరీలు మార్చే షాపులేవో తెలుసు కదా, అందులో ఒకటి. 60 వోల్టుల "కొత్త లిథియం ప్యాక్" అని 21 వేలకి అంటగట్టాడు. బిల్లు మీద సెల్ తయారీ తేదీ లేదు, సీరియల్ నంబరు లేదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని మాత్రం శుభ్రంగా అచ్చేశాడు.

ప్యాక్‌తో ఇచ్చిన చార్జర్ మీద "60 వోల్ట్" అని స్టిక్కరుంది. మల్టీమీటరు పెడితే 73.4 వోల్టులు చూపించింది! అది లెడ్ యాసిడ్ చార్జర్. 12 వోల్టుల బ్యాటరీలు ఐదు వరసగా కలిపే పాత బండ్లకి ఇచ్చేది. ఈ ప్యాక్‌లో వరసకి 16 సెల్స్. ఒక్కోటి 4.2 దగ్గర ఆగాలి, అంటే మొత్తం 67.2. 73.4ని 16తో భాగిస్తే సెల్‌కి దాదాపు 4.6. అక్కడికెళ్తే లోపల లిథియం పేరుకుంటుంది, సెల్ ఉబ్బుతుంది, వేడి తనంతట తానే పెరిగిపోతుంది. పైగా లిథియం చార్జర్ నిండగానే ఆగిపోతుంది, లెడ్ యాసిడ్‌ది నిండాక కూడా కొంచెం కొంచెం తోస్తూనే ఉంటుంది. మధ్యలో అడ్డుకోవాల్సింది ప్యాక్ లోపల సెల్స్‌ని కాపలా కాసే ఒక్క బీఎంఎస్ బోర్డే.

ఆ బోర్డు ఎలా ఉందో మూత తీస్తే తెలిసింది. ఉష్ణోగ్రత చూసే ప్రోబ్ సెల్స్‌కి అతికించి ఉండాలి కదా. దాన్ని చుట్టచుట్టి, టేపేసి, బోర్డు వెనక్కి దోపేశాడు. సెల్స్ సగం నీలం తొడుగు, సగం బూడిద రంగు, అంటే వేర్వేరు రకాలు కలిపేసినట్టుంది. నికెల్ పట్టీకి స్పాట్ వెల్డింగ్ లేదు, సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి అతికించాడు. ఆ వేడికి లోపల ప్లస్, మైనస్ కలవకుండా అడ్డుండే పొర (సెపరేటర్) అప్పుడే దెబ్బతిని ఉంటుంది. పాజిటివ్ కొన మీద ఉండాల్సిన ఇన్సులేషన్ రింగులు చాలా సెల్స్‌కి లేవు. 21 వేలకి ఇన్ని విశేషాలు!

మీటరు రీడింగ్ చూపించి అడిగితే ఆయన సమాధానం: "మీటర్లట్టుకొని తిరిగేవోళ్లకి మేం బేటరీలమ్మం బాబూ. రాత్రి పెట్టీసి పడుకోండి, పొద్దున్నకి ఫుల్లయిపోద్ది. మెట్ల కింద సల్లగుంటాది, అక్కడెట్టుకోండి, ఏటీ అవ్వదు." వోల్టేజి మాట కంటే ఆ మెట్ల కింద సలహాకే ఒళ్లు మండింది. అదేమాట రోజుకి ఎంతమందికి చెబుతున్నాడో!

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. పొగ మెట్ల దారిలోనే పైకెక్కింది. మన అపార్టుమెంట్లకి చాలావాటికి ఉన్నది ఒకటే మెట్ల దారి, దాని పక్కనే కరెంటు మీటరు బోర్డు, అక్కడే ప్లగ్గు. దిగే దారే పొగగొట్టమైతే పైవాళ్లు ఎటు దిగుతారు?

కాబట్టి చార్జింగ్ చోటు మెట్లకి, లిఫ్టుకి, మీటరు బోర్డుకి, జనరేటర్ డీజిలుకి దూరంగా, గాలాడే గోడవార ఉండాలి. 16 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి), సరైన ఎర్తింగ్. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మే నెల ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనిచ్చాకే ప్లగ్గు పెట్టండి. నాగావళి నీళ్లలోనో తుపాను వానలోనో మునిగిన ప్యాక్‌ని ఎండబెట్టి వాడదామనుకోవద్దు, శ్రీకాకుళం వాళ్లకి మరీ చెప్తున్నా.

తెల్లటి పొగ వస్తే అది ఆవిరి కాదు, అంటుకునే విషవాయువు. బ్యాటరీని ఎత్తి బయటపెట్టే సాహసం చెయ్యకండి. వీలైతే మెయిన్ ఆపి, అందరినీ దింపి, 101కి చేసి "లిథియం బ్యాటరీ" అని చెప్పండి. మంటలార్పే పౌడర్ సిలిండర్ మంట తగ్గిస్తుందేగానీ సెల్స్‌ని చల్లార్చదు, మళ్లీ అంటుకుంటుంది.

కొనేటప్పుడు ఏఐఎస్ 156 (ఈ-బండ్ల బ్యాటరీ భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్, సెల్ తేదీ, చార్జర్ అవుట్‌పుట్ బిల్లు మీద రాయించుకోండి. మీటరు పెట్టనివ్వకపోతే లేచొచ్చేయండి. కొనేసినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు రాయించండి.

ఇంకో మాట, ఈ ప్యాక్ ఎక్స్‌చేంజ్ కింద తిరిగిస్తే కొత్తదానికి 4 వేలు తగ్గిస్తాడట. ఇవ్వకండి. వారం తిరక్కుండా కొత్త తొడుగేసి ఇంకొకరికి అమ్మేస్తాడు.