గార్డ్‌లో పిలుపొచ్చినప్పుడు బీమా: రాష్ట్రం కట్టే ప్రీమియమా, సొంత టర్మ్ పాలసీయా, ఏది మేలు?

మా అక్క కొడుకు అమెరికాలో ఐటీ ఉద్యోగం చేస్తూ నేషనల్ గార్డ్‌లో, అంటే అక్కడి రాష్ట్రాల పార్ట్‌టైమ్ సైన్యంలో, ఉన్నాడు. వాడికి మొబిలైజేషన్ ఆర్డర్లు (పూర్తికాలం డ్యూటీకి రమ్మనే పిలుపు) వచ్చిన వారం తెనాలి నుంచి మా బావ రోజుకి రెండుసార్లు నాకు ఫోన్. మొదటి రెండు రోజులూ టెన్షనే. మూడో రోజు కాస్త తేరుకుని, "అక్కడ ఇన్సూరెన్స్ రాష్ట్రమే కడుతుందటగా! మరి వాడు నెలనెలా ఇంకో పాలసీకి డబ్బు కట్టడం దేనికిరా, మానేయమను" అన్నాడు.

ఈ మాట నేను ఇతర తెలుగువాళ్ల నోటా విన్నాను. కొన్ని భాషలు తెలిసిన విదేశీయుల్ని వీసా మీద ఉన్నా అమెరికా సైన్యంలో చేర్చుకునే మావ్ని పథకం 2008లో మొదలై 2016లో ఆగిపోయింది, అది అడిగిన భాషల జాబితాలో తెలుగు కూడా ఉండేది. చదువుకోడానికొచ్చి అలా యూనిఫాం వేసుకున్న మన పిల్లలు కొందరున్నారు. వాళ్ల ఇళ్లలో ఈ లెక్క తెలియాలి.

బావ పొరబాటు ఎక్కడంటే, రాష్ట్రం విడిగా బీమా ఏదీ ఇవ్వదు. బీమా ఫెడరల్ ప్రభుత్వానిది, పేరు ఎస్‌జీఎల్‌ఐ, అంటే సైనికుల గ్రూప్ జీవిత బీమా. 2023 మార్చి నుంచి గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు. 2025 జులైలో రేటు తగ్గాక దానికి నెలకు 25 డాలర్లు, తీవ్ర గాయాల కవర్‌కి ఇంకో డాలర్. మావాడి పే స్లిప్పులో ఒక వరుసలో 26 అని కోత కనిపిస్తుంది, అంతే. కొన్ని రాష్ట్రాలు ఆ కోత డబ్బును తిరిగి ఇస్తాయి. అన్ని చోట్లా ఈ సాయం లేదు, ఉన్నచోట కూడా నిబంధనలు వేరువేరు.

ఈ దారి మొదట తొక్కింది న్యూ మెక్సికో. 2005లో గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ తమ గార్డ్ సైనికుల ప్రీమియం రాష్ట్రమే భరించేలా చట్టం తెచ్చారు. అప్పట్లో ఎస్‌జీఎల్‌ఐ 2.5 లక్షల డాలర్లే, నెలకు 16 డాలర్ల పావు. సైనికుడు చనిపోతే కుటుంబానికి వెంటనే ఇచ్చే ఫెడరల్ సాయం 12,420 డాలర్లు మాత్రమే. ఆ ఏడాదే కాంగ్రెస్ ఆ సాయాన్ని లక్షకు, బీమాను 4 లక్షలకు పెంచింది.

కాబట్టి రాష్ట్రం చేతి నుంచి వచ్చేది నెలకు 26 డాలర్లు, ఇద్దరు హోటల్లో దోశ తినొచ్చే డబ్బు. దీన్ని తీసిపారేయను. ఇరవై రెండేళ్ల కుర్రాడు "నాకేమవుతుంది" అని కవర్ తగ్గించుకోకుండా ఇది ఆపుతుంది. కానీ దీనిమీద కుటుంబం మొత్తం ఆనుకుంటే కష్టం. చాలావరకు ముందు మన జీతంలోంచి కోత పడుతుంది, తర్వాత కాగితాలు పెడితే వస్తుంది. గత మొబిలైజేషన్‌లో మావాడి కాగితాలు ఒక ఆఫీసులో మూడు నెలలు కదల్లేదు. కొన్నిచోట్ల ఆర్డర్లు అయిపోతే ఈ సాయమూ ఆగిపోతుంది. పైగా యుద్ధ ప్రాంతాలుగా గుర్తించిన చోట్ల పనిచేసేవాళ్లకు ప్రీమియం డబ్బు ఫెడరల్ ప్రభుత్వమే ఇస్తుంది. అలాంటి చోటికి వెళ్తుంటే రాష్ట్రానికి దరఖాస్తు పెట్టేముందు యూనిట్‌లో ఒక మాట అడగడం మంచిది.

అసలు చిక్కు వేరేచోట ఉంది. పిలిచింది ఎవరు? అధ్యక్షుడి ఆదేశం మీద విదేశానికి వెళ్లినా, వరదలొచ్చి గవర్నర్ పిలిచినా అదే యూనిఫాం, అదే ట్రక్కు. కానీ గవర్నర్ పిలిచి రాష్ట్ర ఖర్చుతో నడిచే డ్యూటీలో ప్రాణం పోతే ఆ లక్ష డాలర్ల ఫెడరల్ సాయం వర్తించదు. అక్కడ రాష్ట్ర చట్టం ఏమిస్తే అదే. ఎస్‌జీఎల్‌ఐకి మాత్రం ఈ తేడా లేదు. నెలనెలా డ్రిల్‌కి (శిక్షణకి) వెళ్లే గార్డ్ సభ్యుడికి అది ఏడాదంతా ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. డ్యూటీ లేని ఆదివారం కూరగాయలకెళ్తూ కారు ప్రమాదం జరిగినా చెల్లుతుంది. ఈ ఒక్క కారణం చాలు, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకూడదనడానికి.

ఇక ప్రైవేటు టర్మ్ పాలసీ. ఆరోగ్యం బాగుండి, పొగతాగని కుర్రాడికి చవగ్గానే రావచ్చు. అయితే కొన్ని పాలసీల్లో యుద్ధంలో మరణిస్తే ఇవ్వమనే షరతు లోపలి పేజీల్లో ఉంటుంది, ఏజెంట్ దాన్ని ముందు చదివి వినిపించడు. ఎస్‌జీఎల్‌ఐలో అలాంటి షరతు లేదు. వయసుతో, సిగరెట్‌తో రేటు మారదు. పందొమ్మిదేళ్లవాడికీ యాభై ఏళ్లవాడికీ ఒకటే ధర.

మరి టర్మ్ పాలసీ పనికిరాదా? వస్తుంది, గార్డ్ వదిలేశాక. బయటికొచ్చిన 120 రోజుల వరకు ఎస్‌జీఎల్‌ఐ ఉచితంగా కొనసాగుతుంది. తర్వాత వీజీఎల్‌ఐకి, అంటే మాజీ సైనికుల బీమాకి, మారొచ్చు, 240 రోజుల్లోపు అయితే ఆరోగ్య ప్రశ్నలుండవు. కానీ వయసు పెరిగేకొద్దీ దాని ధర ఎక్కుతూ పోతుంది. ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీలో ఆ ఇరవై ఏళ్లూ ఒకే ధర. మోకాలో నడుమో దెబ్బతిని తిరిగొచ్చాక కొత్త పాలసీ దొరకడం కష్టం, అందుకే ఆర్డర్లు రాకముందే తీసుకోవాలి.

మూడోది కూడా ఒకటుంది. గార్డ్ అసోసియేషన్ల ద్వారా వచ్చే 'స్టేట్ స్పాన్సర్డ్' లైఫ్ ఇన్సూరెన్స్. పేరులో స్టేట్ ఉంది గానీ ప్రీమియం సభ్యుడి జేబులోంచే. ఈ పేరు చూసే సగం మంది బోల్తా పడతారు. అదనపు కవర్‌గా కావాలంటే చూడొచ్చు.

నా ఓటు ఇది: ఎస్‌జీఎల్‌ఐ పూర్తిగా ఉంచాలి, రాష్ట్రం తిరిగిచ్చే డబ్బు వస్తే తీసుకోవాలి, యుద్ధ షరతు లేని టర్మ్ పాలసీ పక్కన నడవాలి. పెళ్లీ పిల్లలూ ఇల్లప్పూ లేనివాడైతే టర్మ్ పాలసీకి తొందరేం లేదు. మావాడికి మూడూ ఉన్నాయి.

బావకి ఇదంతా చెప్పాక ఆ రాత్రి మేనల్లుడూ నేనూ వాడింట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో వాడి ఎస్‌జీఎల్‌ఐ వివరాలు తెరిచాం. లబ్ధిదారు దగ్గర ఇంకా వాళ్లమ్మ పేరే, నూటికి నూరు శాతం. పెళ్లయి నాలుగేళ్లు. ఇందులో రాసి ఉన్న పేరే చెల్లుతుంది. విడాకుల కోర్టు తీర్పు వేరేలా ఉన్నా, లబ్ధిదారుగా రాసినవాళ్లకే ఇవ్వాలని 1981లోనే రిడ్జ్‌వే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వాడు కాసేపు స్క్రీన్ వంక చూశాడు. "అమ్మ పేరు తీసేయాలా మామయ్యా?"

"తీసేయక్కర్లేదురా, పంచు."

భార్యకి ఎనభై, అమ్మకి ఇరవై అని కొట్టి, సేవ్ నొక్కి, "నాన్నకి మాత్రం ఈ లెక్క చెప్పకు" అన్నాడు.