కదిలే వాన మ్యాపు చూసి డబ్బు కట్టకండి: తిరుపతిలో నాకు జరిగింది

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువు పనులకు, లేఅవుట్లకు, కాలేజీ ప్రాజెక్టులకు మ్యాపులు చేసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "30 ఏళ్ల వాన గంటల వారీగా మ్యాపు మీద కదులుతూ కనిపిస్తుంది" అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మ్యాపులు తెరిచి చూపించే ఒక సాఫ్ట్‌వేర్ (వ్యూయర్), కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ తాళం, డేటా నిండిన హార్డ్ డిస్క్. నేను 18,500 రూపాయలు కట్టి తీసుకున్నాను. ఆ వ్యూయర్ ఉచితంగా దొరికేది. లోపలి డేటా కూడా ఉచితంగా దొరికేదే, కాకపోతే దాన్ని పాడు చేసి ఇచ్చారు. ఫిర్యాదు పెడుతున్నాను కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా ఆ సరుకు మీ ముందుకు వస్తే మీరే గుర్తుపట్టేలా చెబుతాను.

నేను చేసేవి చిన్న మ్యాపింగ్ పనులు. ఈసారి వచ్చింది రామచంద్రాపురం మండలం వైపు ఒక చెరువు మరమ్మతుకు సంబంధించిన రిపోర్టు. 2021 నవంబరు వానలకు ఆ చెరువులోకి నీళ్లు ఎప్పుడు, ఎంత వేగంగా వచ్చాయో చూపించాలి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన ఆ వారం ఇక్కడ ఎవరికీ మరపు రాదు. కపిలతీర్థం దగ్గర కొండ నీళ్లు ఎలా దూకాయో, స్వర్ణముఖి ఎలా పొర్లిందో అందరం చూశాం. అలాంటి రిపోర్టుకు గంటల వారీ వాన లెక్క దొరికితే అంతకన్నా కావాల్సింది లేదు. అందుకే వాళ్ల ఆఫీసు మెట్లెక్కాను.

డెమో బాగుంది, కాదనను. ఆఫీసులో అమ్మే అతను తెర కింద ఉన్న టైమ్ పట్టీని మౌస్‌తో జరిపాడు. తూర్పు నుంచి ఒక నీలం మరక శ్రీకాళహస్తి మీదుగా వచ్చి శేషాచలం కొండల మీద ముదిరింది. ఎక్కడా గతుకు లేదు, సినిమాలా నడిచింది. "ఒక కిలోమీటరు వివరం సార్. కొండ మీద వాన వేరే, కింద ఊళ్లో వాన వేరే చూపిస్తుంది. గాదంకి రాడార్ డేటా కూడా కలిపాం. మొత్తం 300 జీబీ" అన్నాడు. ఆ 300 జీబీ మాటకే నేను పడిపోయాను. అంత డేటా కూడబెట్టారంటే ఎంత కష్టపడి ఉంటారో అనుకున్నాను. ఆ సాయంత్రమే ఫోన్‌లో డబ్బు పంపాను. బిల్లు అడిగితే రేపు పంపిస్తామన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

తప్పు మొదట పట్టుకున్నది నేను కాదు. చెరువు కట్ట మీద బండి సీటుపై ల్యాప్‌టాప్ పెట్టి, ఆయకట్టు రైతులకు ఆ వాన నడిపి చూపిస్తున్నాను. ఒక పెద్దాయన తెరలోకి వంగి, తేదీ ఒకటికి రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏమప్పా, కార్తీక పున్నమి వాన కదా ఇది. బేస్తవారం రాత్రికే మా చెరువు మొరవ పోయింది. నీ బొమ్మలో శుక్రవారం మధ్యాన్నం కదా వాన ముదురుతా ఉండేది. చెరువు నిండినాక వాన పడిందా?"

"కంప్యూటర్ లెక్క తాతా, కొంచెం అటూఇటూ ఉంటుంది" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. తూము వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2021 నవంబరు 18 గురువారం. వాయుగుండం పుదుచ్చేరికి, చెన్నైకి మధ్య తీరం దాటింది 19 తెల్లవారుజామున. మన దగ్గర కుండపోత గురువారం నాటిది.

ఆ రాత్రి కూర్చుని మొత్తం విప్పి చూశాను. ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ ఫైళ్ల సంగతి కొంచెం చెప్పాలి.

గోడకు తగిలించే, రోజుకో కాగితం చించే క్యాలెండర్ ఊహించుకోండి. ఒక్కో కాగితం మీద ఆ రోజు వాన మ్యాపు ఉంటుంది. అలాంటి 365 కాగితాల కట్ట ఒకే ఫైల్లో ఉంటే, అదే కాలంతో కలిసిన డేటా. ఎత్తును బట్టి గాలి, వేడి కూడా ఉంటే ఒక్కో రోజుకు ఒక్కో కట్టే ఉంటుంది. నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు రకం ఇందుకోసమే ఉంది. వ్యూయర్ చేసేది ఆ కాగితాలు తిప్పడం మాత్రమే. కాగితం మీద లేని వాన అది ఎక్కడి నుంచో తేలేదు.

హార్డ్ డిస్క్‌లో ఉన్నదానికి మూలం మన వాతావరణ శాఖ వాళ్ల రోజువారీ వర్షపాతం డేటా. 1901 నుంచి ఉంది. పుణెలోని వాళ్ల విభాగం వెబ్‌సైట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. పావు డిగ్రీకి ఒక గడి చొప్పున దేశమంతా 135 అడ్డం, 129 నిలువు, మొత్తం 17,415 గడులు. మన దగ్గర ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు. బైనరీ ఫైలు ఏడాదికి 25 ఎంబీ చిల్లర, అంటే 30 ఏళ్లకు ముప్పావు జీబీ. ఆ ముప్పావు జీబీ నా చేతికి 300 జీబీగా వచ్చింది. పాలలో నీళ్లు కలపడం విన్నాం, ఇక్కడ నీళ్లలో నాలుగు చుక్కలు పాలు వేశారు.

ఎలా కలిపారో కూడా దొరికింది. రోజు మొత్తం వానను 24తో భాగించారు. ఆ అంకెను ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల దగ్గర పెట్టి, ఈ రోజు పన్నెండు నుంచి మరునాటి పన్నెండు వరకు కొద్దికొద్దిగా మారేలా అంకెలు నింపేశారు. అందుకే అంత నున్నగా కదిలింది. క్యాలెండర్ కాగితాల మధ్య వీళ్లే కొత్త కాగితాలు గీసి దూర్చారు. 2015 నవంబరు తీసి చూశాను, వేసవి జల్లులు తీసి చూశాను. ఏ వానైనా సరిగ్గా పన్నెండుకే ముదురుతుంది, అక్కడి నుంచే తగ్గుతుంది. మన వైపు ఏప్రిల్, మే వానలు సాయంత్రం గాలిదుమారంతో వస్తాయని చిన్నపిల్లవాడికీ తెలుసు.

ఇంకో పొరపాటు దీని మీద ఎక్కింది. వాతావరణ శాఖ వాళ్ల వాన రోజు అర్ధరాత్రి మొదలవదు. 19వ తేదీ వాన అంటే 18 ఉదయం 8:30 నుంచి 19 ఉదయం 8:30 దాకా కురిసింది. గురువారం కురిసిన వాన శుక్రవారం పేరు మీద ఉంటుంది. అది వాళ్ల పద్ధతి, అందులో తప్పేమీ లేదు. ఆ సంగతి పట్టించుకోకుండా దాన్ని తెచ్చి శుక్రవారం మధ్యాహ్నానికి అతికించడమే తప్పు. పెద్దాయన చూసింది దాన్నే.

నాకు మిగిలిన కాస్త అనుమానం కూడా సముద్రం దగ్గర తీరిపోయింది. మూల డేటాలో సముద్రం మీద వాన లెక్క ఉండదు కాబట్టి ఆ గడుల్లో మైనస్ 999 అని గుర్తు పెడతారు. లెక్కలోకి తీసుకోవద్దని దాని అర్థం. వీళ్ల వ్యూయర్‌లో సముద్రం మీద ఎక్కడ నొక్కినా మైనస్ 41.625 మిల్లీమీటర్లు వచ్చింది. 999ని 24తో భాగించి చూడండి. ఆ గుర్తును కూడా వానే అనుకుని భాగించారు. ఒక కిలోమీటరు వివరం కోసం గడుల మధ్య కూడా అంకెలు నింపడంతో ఆ మైనస్ ఒడ్డు మీదికి పాకింది. సూళ్లూరుపేట దగ్గర నొక్కితే గంటకు మైనస్ 20 మిల్లీమీటర్ల వాన. రంగుల పట్టీని సున్నా నుంచి మొదలుపెట్టారు కాబట్టి అదంతా తెల్లగా, వాన లేనట్టు కనిపిస్తుంది. తీరం మండలాల సగటు తీసి ఎవరైనా రిపోర్టులో పెట్టి ఉంటే అది గంగలో కలిసినట్టే.

గాదంకి మాట కూడా చెబుతాను. చిత్తూరు రోడ్డులో వెళ్లేవాళ్లకు గాదంకిలోని వాతావరణ పరిశోధన కేంద్రం అంటే గౌరవం, ఆ పేరు చెబితే నమ్ముతాం. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ తన నెత్తి మీది ఆకాశంలోకి దాదాపు నిలువుగా చూసి పై గాలులను కొలుస్తుంది. జిల్లా అంతటి వాన మ్యాపు దాని నుంచి రాదు. డిస్క్ అంతా వెతికాను, దాని తాలూకు ఫైలు ఒక్కటీ లేదు.

ఇక వ్యూయర్. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిస్తే, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ పేరుతో వరసగా ఫైళ్లు కనిపించాయి. పైన బొమ్మ, పేరు మాత్రం మార్చారు. క్యూజీఐఎస్‌లో కాలాన్ని నడిపే టెంపరల్ కంట్రోలర్ 2020 జూన్‌లో 3.14 వెర్షన్‌తోనే వచ్చింది, అది అందరికీ ఉచితం. దాని లైసెన్సు ప్రకారం దాన్ని డబ్బుకు అమ్మడం నేరం కాదు. ఇన్‌స్టాల్ చేసి, నేర్పించి, అందుకు కూలి తీసుకుంటే నేనే సంతోషంగా ఇచ్చేవాణ్ణి. కానీ కొన్నవాడికి మూల కోడ్ అందుబాటులో పెట్టాలి, ఇతరులకు కాపీ ఇచ్చుకునే హక్కును అడ్డుకోకూడదు. వీళ్లు తాళం బిగించారు, ఎక్స్‌పోర్ట్ బటన్ కూడా తీసేశారు. లైఫ్‌టైమ్ అని చెప్పిన తాళం ఏడాదికి ఆగిపోతుందని సెట్టింగ్స్‌లో రాసి ఉంది.

మర్నాడు వెళ్లి అడిగాను. "ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదు సార్" అన్నాడు. మైనస్ వాన చూపిస్తే "అది సముద్ర ప్రభావం" అన్నాడు. అదే గదిలో చిత్తూరు నుంచి వచ్చిన ఒక పీజీ అమ్మాయి కూర్చుని ఉంది. స్టూడెంట్ డిస్కౌంట్ అంటే హాస్టల్ ఫీజుకు దాచిన దాంట్లోంచి అడ్వాన్సు కట్టేసిందట. నా మాటలు వింటూ వింటూ మెల్లగా, "అన్నా, నాకిచ్చేది కూడా ఇదేనా?" అని అడిగింది. నా డబ్బు పోయినప్పటి కంటే అప్పుడు ఎక్కువ కోపం వచ్చింది. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను.

ఇలాంటిది ఎవరైనా చూపిస్తే, వాళ్లు తెచ్చిన తేదీ వాళ్లను నడపనివ్వకండి. మీ ఒంటికి తెలిసిన ఒక రోజు చెప్పండి. మీ ఊరి చెరువు నిండిన రోజు, మీ వీధిలో నీళ్లు నిలిచిన రాత్రి, ఏదైనా సరే. గంటల వారీ అంటే నాలుగైదు వాన రోజులు తీయించి, ఏ గంటకు ముదిరిందో రాసుకోండి. అన్నీ ఒకే గంటకు ముదిరితే అక్కడే లేచి వచ్చేయండి. సముద్రం మీద ఒకసారి నొక్కించండి. బాగా జూమ్ చేయించండి. అసలు డేటా అయితే గడులు గడులుగా కనిపిస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నున్నగా ఉంటేనే అనుమానించాలి. అన్నింటికన్నా ముందు, వాతావరణ శాఖ సైట్ నుంచి ఒక ఏడాది నెట్‌సీడీఎఫ్ ఫైలు పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి "ఇది తెరిచి చూపించు" అనండి. నాకిచ్చిన వ్యూయర్ బయటి ఫైలు ఏదీ తెరవదు.

డబ్బు కట్టకుండా ఇదే పని చేసుకోవచ్చు. క్యూజీఐఎస్‌లో ఆ ఫైలును మెష్ లేయర్‌గా తెరిచి, గడియారం బొమ్మ నొక్కి, అడుగు ఒక రోజుకు పెట్టండి. ఫైలును ఊరికే చూసుకోవడానికి నాసా వాళ్ల పనోప్లీ చాలు, జావా ఉంటే నడుస్తుంది. నిజంగా గంటల లెక్క కావాలంటే యూరప్ వాళ్ల ఈఆర్‌ఏ5 అనే వాతావరణ డేటా 1940 నుంచి ఉంది, అరగంట లెక్కకు నాసా వాళ్ల ఐమెర్గ్ అనే ఉపగ్రహ వాన డేటా 1998 నుంచి ఉంది. రెండూ ఉచితమే, ఖాతా తెరిస్తే చాలు. కానీ అవి అంచనాలు, వానమాపకంలో కొలిచిన అంకెలు కావు. రెండింట్లోనూ టైమ్ యూటీసీ అనే అంతర్జాతీయ టైమ్‌లో ఉంటుంది, మన టైమ్‌కు ఐదున్నర గంటలు కలపాలి. అక్కడ 18 సాయంత్రం 6:30 అంటే మనకు 19 అర్ధరాత్రి. ఈఆర్‌ఏ5లో వాన మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణిస్తేనే మిల్లీమీటర్లు. ఈ రెండు చోట్ల తప్పు చేసిన రిపోర్టులు నేనే చూశాను.

నా రిపోర్టు మళ్లీ మొదటి నుంచి చేశాను, పన్నెండు రోజులు పట్టింది. గంటల వారీ గ్రాఫు తీసేశాను. రోజు లెక్క మాత్రమే పెట్టి, కింద "18 ఉదయం 8:30 నుంచి 19 ఉదయం 8:30 వరకు" అని స్పష్టంగా రాశాను. చెరువు మొరవ పోయిన సమయానికి పెద్దాయన మాటను, ఇంకో ఇద్దరు రైతుల మాటతో సరిచూసి, అదే రాశాను.

మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ముందు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. "వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు" అని నన్ను బెదిరించారు. 2019 చట్టంలో, సొంతంగా పని చేసుకుని బతకడానికే కొన్న వస్తువుకు ఆ మాట వర్తించదని ఉంది. మీ పరిస్థితి కూడా అదే అయితే ఫిర్యాదులో ఆ సంగతి తప్పకుండా రాయండి.

డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాళ్లు వాట్సాప్‌లో పంపిన డెమో వీడియో, ఆ తాళం అన్నీ దాచండి. కోపంతో హార్డ్ డిస్క్ మాత్రం ఫార్మాట్ చేయకండి. సముద్రం మీద నొక్కితే వచ్చే ఆ మైనస్ 41.625ను ఫొటో తీసి పెట్టుకోండి.